పిడికెడు బియ్యం లెక్క

2024లో బిషప్ అజరయ్య పుట్టి 150 ఏళ్ళు నిండాయి. ఆ సందర్భంగా వేస్తున్న ఒక ప్రత్యేక సంచికకి ఆయన జీవితం గురించి వ్యాసం రాయమని నన్ను అడిగారు. నేను తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్నే గానీ చరిత్రకారిణిని కాదు. వాళ్ళు నన్ను అడగడానికి నా చదువు కారణం కాదనీ తెలుసు. మా నాన్న పల్లెటూరి సంఘాల్లో ముప్ఫై రెండేళ్ళు గురువుగా పనిచేసి రిటైరయ్యారు. "అయ్యగారి అమ్మాయి ఏదో పెద్ద చదువు చదివిందట, రాస్తుంది" అనుకుని ఉంటారు. సంతోషంగానే ఒప్పుకున్నాను.

రెండు నెలలు కూర్చుని పది పేజీలు రాసి పంపాను. అందులో రెండు పేజీలు అజరయ్య గారి భార్య అన్బు గురించి, దోర్నకల్ పల్లెల్లో ఆడవాళ్ళు చేసిన పని గురించి. ప్రూఫు వచ్చేసరికి ఆ రెండు పేజీలూ లేవు. ఫోన్ చేస్తే అవతలి పెద్దమనిషి ఎంతో మర్యాదగా, "ఇది తండ్రిగారి సంచిక కదమ్మా, కుటుంబ విషయాలెందుకు?" అన్నారు. నాకు కోపం వచ్చింది. గట్టిగా ఏదో అనాలనుకున్నాను. కానీ పక్కగదిలో నాన్న తన కూతురి పేరు ఆ సంచికలో చూసుకోవడానికి రోజులు లెక్కపెట్టుకుంటున్నారు. "సరేనండీ" అని పెట్టేశాను. స్త్రీల చరిత్రలోని మౌనాల గురించి సెమినార్లలో పత్రాలు చదివే నేను ఆ మౌనాన్ని నా చేతులతో నేనే అచ్చుకి పంపాను. ఈ వ్యాసం ఆ తప్పుని కొంచెమైనా దిద్దుకోవడానికే.

ముందు ఆయన గురించి చెప్పాలి. ఆయన్ని చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. చిన్నబుచ్చగలిగే జీవితమూ కాదు అది.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి జిల్లాలో వెళ్ళాలన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి ఆ ఊరి గురువు. కొడుకు కోసం ఏళ్ళ తరబడి ప్రార్థించిన తల్లి, బైబిల్లో అలాగే ప్రార్థించిన హన్నాని తలుచుకుని బిడ్డకి శామ్యూల్ అని పేరు పెట్టింది. వాళ్ళది నాడార్ కులం. తాటిచెట్లెక్కి కల్లు దించే పనితో ముడిపడ్డ ఆ కులాన్ని అప్పటి సమాజం చాలా కింద ఉంచింది. పక్కనే ఉన్న తిరువాన్కూరులో ఆ కులపు ఆడవాళ్ళు రొమ్ము మీద గుడ్డ కప్పుకునే హక్కు కోసం దశాబ్దాల పాటు దెబ్బలు తిని పోరాడితే, 1859లో గానీ రాజు నుంచి అనుమతి రాలేదు. అంటే అజరయ్య పుట్టడానికి పదిహేనేళ్ళ ముందు. ఒక కులం తలెత్తుకోవడం ఆడవాళ్ళ ఒంటి మీద కప్పుకున్న గుడ్డతో మొదలైన చరిత్ర అది. ఆయన జీవితకథ ఎవరు చెప్పినా అక్కడి నుంచి మొదలుపెట్టాలని నాకనిపిస్తుంది.

మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో లెక్కలు చదివారు. పరీక్షల వేళకి జబ్బు చేసి డిగ్రీ చేతికి రాలేదు. 1895 నుంచి వై.ఎం.సి.ఎ.లో కార్యదర్శిగా దేశమంతా తిరిగారు. మిషనరీలంటే తెల్లవాళ్ళే అనుకునే కాలంలో 1903లో తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టడంలో ముందున్నారు. ఆ సొసైటీ పనిచేయడానికి ఎంచుకున్న చోటు మనది. నిజాం రాజ్యంలో, మానుకోట తాలూకాలో, రైలు జంక్షను తప్ప చెప్పుకోదగ్గదేమీ లేని దోర్నకల్. 1909లో ఆయన గురువుగా అభిషేకం పొంది భార్యాపిల్లలతో అక్కడికి వచ్చారు. తమిళుడు తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కెథీడ్రల్‌లో ఆయన్ని బిషప్‌గా ప్రతిష్ఠించారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే. ఒక నల్లవాడి కింద తెల్లగురువులు పనిచేయాలా అని ఇంగ్లీషు వాళ్ళు గొణిగారు. మనవాళ్ళలోనూ గొణిగినవాళ్ళున్నారు. 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే కన్నుమూసేదాకా, ముప్ఫై రెండేళ్ళు, సొంతంగా ఒక ఆంగ్లికన్ డయోసీస్‌ని నడిపిన భారతీయుడు దేశంలో ఇంకొకరు లేరు. మొదట్లో చిన్నదైన డయోసీస్‌లో తర్వాత కృష్ణా, కర్నూలు, కడప ప్రాంతాలు కలిశాయి. ఆయన చివరి ఏళ్ళకి విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటింది. వాళ్ళలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. మా పూర్వీకులు ఆ ఎక్కువమందిలోని వాళ్ళే.

1939 జనవరి 6న ప్రతిష్ఠించిన దోర్నకల్ ఎపిఫనీ కెథీడ్రల్ చూసినవాళ్ళకి తెలుస్తుంది, ఆయన ఊహ ఎలాంటిదో. అది ఇంగ్లండు చర్చికి నకలు కాదు. మసీదు గుమ్మటాలు, మినార్లు, దక్షిణాది గుడి స్తంభాలు ఒకచోట కలిసి నిలబడి ఉంటాయి. మా నాయనమ్మ తల్లి దాని కట్టుబడికి మట్టి మోసిందని మా ఇంట్లో చెప్పుకుంటారు. మోసిన తట్టలకి లెక్క ఎక్కడా లేదు. మా ఇంటి మాటే దానికి సాక్ష్యం.

ఆయన గురించి రాసిన ప్రతివాళ్ళూ ఆగేచోటు ఒకటుంది. 1910, ఎడిన్‌బరో. ప్రపంచ మిషనరీ మహాసభ. ముప్ఫై ఐదేళ్ళ అజరయ్య వందలాది తెల్లవాళ్ళ ముందు లేచి నిలబడి మాట్లాడారు. మీరు మాకోసం ఎన్నో త్యాగాలు చేశారు, దానికి మా జాతి కృతజ్ఞత చెబుతుంది, కానీ మాతో కలిసి ఒక బల్ల దగ్గర కూర్చుని తినరు, మమ్మల్ని పనివాళ్ళలా చూస్తారు అని ఆయన మాటల సారాంశం. మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితులు కావాలి అని ముగించారు. ఆ సభలో కొందరికి కోపం వచ్చింది. కొందరు తలవంచుకున్నారు. నూరేళ్ళు దాటినా ఆ ప్రసంగం చదివితే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. దయ వేరు, సమానత్వం వేరు అని అంత స్పష్టంగా, అంత మర్యాదగా దొరల ముఖాన చెప్పిన మాట అది.

స్త్రీవాదం చదువుకున్న మనకి ఆ మాట చాలా దగ్గరిది. మనల్ని ఎంత బాగా చూసుకుంటారో చెప్పే మగవాళ్ళకి మనం చెబుతూ వస్తున్నదీ ఇదే కదా! అందుకే ఆ ప్రసంగం చదివినప్పుడల్లా నాకొక ప్రశ్న వస్తుంది. ఆ మాట చెప్పిన మనిషి ఇంట్లో, ఆయన కట్టిన సంఘంలో, బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారు, ఎవరు వడ్డించారు?

అన్బు మరియమ్మాళ్ శామ్యూల్‌ని ఆయన 1898లో పెళ్ళిచేసుకున్నారు. కట్నం తీసుకోలేదు. దక్షిణాదిలో కాలేజీ చదువు చదివిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఆవిడ ఒకరు. తమిళంలో అన్బు అంటే ప్రేమ. ఆ చదువుకున్న అమ్మాయి సొంత ఊరు, సొంత భాష వదిలి, పిల్లల్ని చంకనేసుకుని దోర్నకల్ వచ్చింది. తెలుగు నేర్చుకుంది. డయోసీస్‌లో మదర్స్ యూనియన్‌ని ఊరూరా నిలబెట్టింది. ఆయన మీద 1946లో కేరొల్ గ్రాహం, 2000లో సూసన్ బిల్లింగ్టన్ హార్పర్ పుస్తకాలు రాశారు. ఇద్దరూ స్త్రీలే, ఇద్దరూ మన దేశం వాళ్ళు కారు. ఆ పుస్తకాలు లేకపోతే నాకీ మాత్రమూ తెలిసేది కాదు. కానీ అవి ఆయన జీవితచరిత్రలు. అన్బు వాటిలో భర్త కథ వెంట నడుస్తూ కనిపిస్తారు. ఆయనకి కేంబ్రిడ్జి 1920లో గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఆవిడ చదివిన కాలేజీ చదువు బిషప్ భార్య అన్న మాట కింద మునిగిపోయింది.

దోర్నకల్‌లో ఉపదేశులుగా, గురువులుగా తయారుచేయడానికి పెళ్ళయిన యువకుల్ని భార్యలతో సహా పిలిపించి చదువు చెప్పేవారు. భర్త ఊళ్ళో మగవాళ్ళకి చెబితే, భార్య ఆడవాళ్ళకి చెప్పాలి. తరతరాలుగా పలక ముట్టనివ్వని ఇళ్ళ ఆడపిల్లలు అలా అక్షరాలు దిద్దారు. ఇది చిన్న విషయమని ఎవరంటారు? నా డాక్టరేట్ వెనకాల ఆ పలక ఉంది. అయితే ఆ చదువుకి ఒక షరతు ఉంది. అది భార్యకి ఇచ్చిన చదువు. జీతం భర్తది, పని ఇద్దరిది.

పోయింది కూడా ఒకటుంది. మాల మాదిగ కులాల్లో ఆడదానికి మొగుడితో పడకపోతే కులపెద్దల ముందు తెగతెంపులు చేసుకుని మారుమనువు వెళ్ళే ఆచారం ఉండేది. అది స్వర్గమేమీ కాదు, కానీ బయటికి ఒక తలుపు. సంఘంలో చేరాక పెళ్ళి విడదీయరానిదైంది. చట్టం 1869 నాటి ఇండియన్ డైవోర్స్ యాక్టు. భార్య వ్యభిచరించిందని రుజువైతే చాలు, భర్తకి విడాకులొస్తాయి. భార్యకి మాత్రం భర్త వ్యభిచారం ఒక్కటే చాలదు, దానికి తోడు క్రూరత్వమో, వదిలేసి పోవడమో కూడా చూపించాలి. ఈ తేడా పోవడానికి 2001 దాకా, అంటే నేను బళ్ళో చదువుకునే రోజుల దాకా ఆగాల్సి వచ్చింది. మదర్స్ యూనియన్ కూడా 1970ల దాకా విడాకులైన స్త్రీలని చేర్చుకోలేదు. మా అమ్మమ్మ చెల్లెలు మొగుణ్ణి వదిలేసి పుట్టింటికి వచ్చింది. ఆరాధనలో అందరికన్నా బాగా పాడేది. కూటానికి చాపలు పరిచేది, దీపాలు తుడిచేది. పేరు పిలిచేటప్పుడు మాత్రం ఆమె పేరు ఉండేది కాదట. కులం మూసిన తలుపులు తెరిచిన సంఘమే, కులం తెరిచి ఉంచిన ఆ ఒక్క తలుపునీ మూసింది. ఈ రెండూ ఒకే నోటితో చెప్పడం నాకింకా కష్టంగానే ఉంది. మా వాళ్ళ ముందు చెబితే ద్రోహిననిపించుకుంటాను. బయటివాళ్ళ ముందు చెబితే, "చూశారా, మతం మారి ఏం బావుకున్నారు?" అనేవాళ్ళకి ఆయుధమిచ్చినట్టవుతుంది. దళిత క్రైస్తవ స్త్రీ తన చరిత్రని విమర్శించుకునే జాగా అంత ఇరుకు.

ఆ కాలంలో స్త్రీకి గురుత్వం ఊహకందని మాట అనడానికి లేదు. 1944 జనవరిలో, యుద్ధం వల్ల గురువులు చేరలేని చోట, హాంకాంగ్ బిషప్ హాల్ ఫ్లోరెన్స్ లీ టిమ్-ఓయ్ అనే చైనా స్త్రీని గురువుగా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో ఆమె మొదటిది. యుద్ధమయ్యాక వచ్చిన ఒత్తిడికి ఆమె ఆ పని వదులుకోవాల్సి వచ్చింది. అజరయ్య పోయింది సరిగ్గా ఆ మరుసటి జనవరిలో. ఆయన ఎంతో పాటుపడిన సంఘాల ఐక్యత ఆయన పోయాక, 1947 సెప్టెంబరు 27న, దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడింది. అందులో మొదటి స్త్రీకి గురుత్వం ఇచ్చింది 1976లో. ఒకప్పుడు అజరయ్య డయోసీస్‌లో భాగమైన నంద్యాల, 1947లో ఆ ఐక్యతలో చేరకుండా పాత ఆంగ్లికన్ పద్ధతినే పట్టుకుని 1975 దాకా బయటే ఉండిపోయిన నంద్యాల, 2013లో పుష్పలలిత గారిని బిషప్‌గా అందుకుంది. దక్షిణ ఇండియా సంఘంలో మొదటి మహిళా బిషప్. అజరయ్య ప్రతిష్ఠకీ దీనికీ మధ్య నూరేళ్ళు పైచిలుకు. ఆ వార్త టీవీలో వచ్చినప్పుడు నాన్న చప్పట్లు కొట్టారు. అమ్మ చీర కొంగుతో కళ్ళు తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అప్పుడు నేను ఆ కన్నీళ్ళ గురించి అడగలేదు.

సంచిక వచ్చాక అడిగాను. నాన్న దాన్ని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చూపిస్తున్నారు. అమ్మకి నేను తీసేసిన రెండు పేజీల సంగతి చెప్పాను. నాన్న రిటైరైన రోజు సంగతి కూడా ఎత్తాను. ఆ రోజు ఆయనకి శాలువా కప్పారు, జ్ఞాపిక ఇచ్చారు, నలుగురు మాట్లాడారు. ముప్ఫై రెండేళ్ళు ఆదివారం బడి నడిపిన అమ్మని, ఏ అర్ధరాత్రి ఏ పురుడైనా చావైనా లేచి వెళ్ళిన అమ్మని, "అమ్మగారు కూడా సహకరించారు" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టారు. అన్ని ఊళ్ళు మారాం, ఏ ఊళ్ళోనూ అమ్మ పేరు ఎవరికీ తెలియదు. అయ్యగారి భార్య అమ్మగారు, అంతే. "నీకు బాధ లేదా అమ్మా? వాళ్ళు నీతో వెట్టి చేయించుకున్నారు" అన్నాను.

అమ్మ లేచి బీరువా అడుగు నుంచి ఒక అట్ట ఊడిన నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది.

అది పిడికెడు బియ్యం లెక్క. ఈ పద్ధతి తెలియనివాళ్ళ కోసం చెబుతాను. పూటపూటా అన్నం వండబోయే ముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. బియ్యం లేని ఇళ్ళలో జొన్నలు. ఆదివారం ఆ కుండ గుడికి తెస్తారు. చేతిలో నయాపైస లేని కూలి ఆడవాళ్ళు సంఘాన్ని పోషించిన దారి అది. మనది మనమే పోషించుకోవాలి, తెల్లవాళ్ళ డబ్బు మీద బతకకూడదు అని అజరయ్య జీవితాంతం చెప్పారు. ఇవ్వడం గురించి ఒక పుస్తకమే రాశారు. ఆ ఆత్మగౌరవపు మాటకి గింజలు ఈ కుండల్లోంచి వచ్చాయి.

పుస్తకం నిండా అమ్మ చేతిరాత. ఎడమవైపు ఆడవాళ్ళ పేర్లు, కుడివైపు సోలెడు, మానెడు అని కొలతలు. కొన్ని పేర్ల పక్కన వంకరటింకర సంతకాలు. మొదటి పేజీల్లో వేలిముద్రలు, పోనుపోనూ సంతకాలు.

"ఇది తండ్రిగారు పెట్టిన పద్ధతే బిడ్డా" అంది అమ్మ. మా వైపు పెద్దవాళ్ళు అజరయ్యని ఇప్పటికీ తండ్రిగారనే అంటారు. "కని ఆయన పిడికిలి ఎన్నడన్న బియ్యంల పడ్డదా? పడ్డది ఆడోళ్ళ పిడికిలే. గది నాకెర్కనే. నువ్వు చదివి చెప్పాల్నా?"

నేను మాట్లాడలేదు.

"జీతం ఇయ్యలే, నిజమే. ఇయ్యాల్సిందే. ఆ టీవీల ఆమెను చూసి ఎందుకేడ్సిన? నేను సుత చదువుకుంటే పీఠం కాడ నిలబడేదాన్నేమో అని ఏడ్సిన. కని వెట్టి అనకు. ఎవ్వలో చెప్తే చెయ్యలే నేను. గీళ్ళందర్కీ సంతకం నేర్పిన. మొగడు కొడితే అర్ధరాత్రి మనింటికొచ్చిన ఆమె గీమె, చూడు. గా పిల్ల హాస్టల్ ఫీజు గీ బియ్యం అమ్మి కట్టినం. మీ నాయినకు తెల్వకుంటనే కట్టినం. నువ్వు దాన్ని వెట్టి అని రాస్తివనుకో, గా సంచికోళ్ళు తీసేసినట్టు నువ్వు సుత తీసేసినట్టే గదా."

చదువుకున్నదాన్ని, నాకు సిద్ధాంతం తెలుసు. జీతం లేని శ్రమ అంటే దోపిడీ అని తెలుసు. అది అబద్ధమని అమ్మ అనలేదు. ఆ మాట దగ్గర ఆగిపోతే అమ్మ చేసిన పని అమ్మది కాకుండా పోతుందని మాత్రమే చెప్పింది. అన్బు గురించి నేను రాసిన రెండు పేజీలు గుర్తొచ్చాయి. వాటిలో ఆవిడకి ఏమివ్వలేదో రాశాను. పరాయి భాష నేర్చుకుని, ఊరూరా ఆడవాళ్ళని ఒకచోట కూర్చోబెట్టిన మనిషి అక్కడ తనకోసం ఏం కట్టుకున్నారో అడగలేదు. నేనూ ఆవిడని బిషప్ భార్యగానే చూశాను, కాకపోతే జాలిపడుతూ చూశాను.

అమ్మ పేరు వెతికాను. ఉంది. పేజీ మధ్యలో, మిగతావాళ్ళతో పాటు, ఏ మర్యాదా తగిలించకుండా. పేరు, పక్కన సోలెడు. మా ఇంట్లోనూ ఒక కుండ ఉండేదన్న సంగతి నేను మర్చిపోయాను.

"నీ పేరు నా వ్యాసంలో రాస్తానమ్మా" అన్నాను.

"వద్దు" అంది. "ఆ పేజీల నలభై మూడు మందిమి ఉన్నం. రాస్తే అందర్ని రాయి. ఒక్కదాని పేరు రాసుడు మీ నాయినోళ్ళు చేసే పనే."

నలభై మూడు పేర్లూ వాళ్ళని అడగకుండా అచ్చువేయకూడదు. అందుకని ఈ వ్యాసంలో అమ్మ పేరు లేదు. వచ్చే నెల నుంచి ఆ పుస్తకం పట్టుకుని అమ్మా నేనూ ఊళ్ళు తిరగబోతున్నాం. కొందరు లేరు, కొందరు కూతుళ్ళ దగ్గరికి వెళ్ళిపోయారు. ఒప్పుకున్నవాళ్ళ పేర్లు రాస్తాం. మొదటి ఊరికి బస్సు ఉదయం ఆరింటికట. నన్ను ఐదింటికే లేవమంది అమ్మ.